ఒకే దెబ్బ, పలు శ్రుతులు: ఆట యంత్రపు డ్రమ్ము, కోయ డోలి

1990లో జపాన్‌లో విడుదలైన సూపర్ ఫామికామ్ ఆట యంత్రంలో ధ్వనికి కేటాయించిన మెమరీ 64 కిలోబైట్లే. అందుకే స్వరకర్తలు ఒకే డ్రమ్ము శాంపిల్‌ను వేర్వేరు వేగాలతో మోగించి పెద్ద, చిన్న డ్రమ్ములుగా వినిపించారు. వేగం రెట్టింపైతే శ్రుతి ఒక స్థాయి పెరుగుతుంది. దెబ్బ నిడివి సగమవుతుంది. ఈ కురచదనమే ఆ సంగీతానికి బిగువునిచ్చింది.

డప్పును మంట దగ్గర కాచినా చర్మం బిగిసి శ్రుతి పెరుగుతుంది. కానీ అక్కడ ప్రతి దెబ్బా చేతిని బట్టి మారుతుంది. 2022లో పద్మశ్రీ పొందిన మణుగూరు ప్రాంత కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య పాటలో డోలి వంశగాథతో కలిసి నడిచింది. ఒక్క దెబ్బను రికార్డు చేసి శ్రుతి మారిస్తే డోలి శబ్దం దక్కుతుంది, ఆ నడక దక్కదు. కాబట్టి ఈ ఉపాయం ఆటల సంగీతంలో సృజన. వాద్య పరిరక్షణకు మాత్రం చాలదని గ్రహించండి.