చోటు లేదంటే మంచిదే

"పదహారు జీబీ ర్యామ్ ఉండగా స్వాప్ ఎందుకు మావయ్యా? తీసేశాను" అన్నాడు మా మేనల్లుడు మొన్న. ఒళ్లు మండింది. నా పాత పాట ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. తాత్కాలిక ఫైళ్లు ర్యామ్‌లో ఉండాలి, దాని వెనక డిస్కు ఆసరా ఉండి తీరాలి.

లినక్స్‌లో ఈ ఏర్పాటు పేరు టెంప్‌ఎఫ్‌ఎస్. అందులో రాసిన ఫైలు ర్యామ్‌లో ఉంటుంది. ర్యామ్ ఇరుకైతే, కొంతకాలంగా ఎవరూ ముట్టని పేజీలను కెర్నల్ డిస్కు మీది స్వాప్‌కు పంపుతుంది. రోజూ వాడే గిన్నెలు గట్టు మీద, పండక్కి తీసే గుండిగలు అటక మీద ఉన్నట్టు. స్వాప్ లేకపోతే, ర్యామ్ పూర్తిగా నిండిన రోజున కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రామును చంపుతుంది. టెంప్‌ఎఫ్‌ఎస్‌లోని ఫైళ్లు మాత్రం అప్పటికీ కదలవు.

మెమరీకి వెనక ఇలా ఆసరా పెట్టే ఆలోచనకు మూలం మాంచెస్టర్‌లో 1962లో పనిలోకి దిగిన అట్లాస్ కంప్యూటర్. దాని కోర్ మెమరీలో పట్టేవి 16,384 పదాలు. పక్కనే గిర్రున తిరిగే డ్రమ్ములో 98,304. అంతవరకూ ఏది ఎప్పుడు డ్రమ్ముకు పంపాలో, ఎప్పుడు వెనక్కి తేవాలో ప్రోగ్రాము రాసేవాళ్లే లెక్క వేసుకునేవారు. టామ్ కిల్‌బర్న్ బృందం రెంటినీ కలిపి ఒకే మెమరీగా చూపించింది. 512 పదాలను ఒక పేజీగా కట్టి, ఏ పేజీ వాడకం ఎలా ఉందో గమనించి, ఏది బయటికి వెళ్లాలో యంత్రమే తేల్చుకునేలా చేసింది. ప్రోగ్రామర్ల నెత్తిన బరువు దించిన ఆ పనికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తక్కువే.

ఇంతకీ మావాడి గోడు వేరు. టెంప్ ఫోల్డరులో పెద్ద జిప్ ఫైలు విప్పుతుంటే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఆగిపోయిందట. డిస్కులో చూస్తే 300 జీబీ ఖాళీ. వాడిది డెబియన్ 13. 2025 ఆగస్టులో వచ్చిన ఆ వెర్షన్‌లో టెంప్ ఫోల్డరు టెంప్‌ఎఫ్‌ఎస్ మీదే నడుస్తుంది. హద్దు ర్యామ్‌లో సగం, అంటే వాడికి 8 జీబీ. స్వాప్ తిరిగి పెట్టినా ఆ హద్దు మారదు.

హద్దు పెంచుకోమంటే సరిపోయేది. కానీ అప్పుడు ఆ ఫైలు ర్యామ్‌ను మింగుతూ పోతుంది, మిగతా ప్రోగ్రాముల పేజీలు స్వాప్‌కూ ర్యామ్‌కూ మధ్య తిరుగుతూనే ఉంటాయి. 1968లోనే పీటర్ డెనింగ్ వివరించిన థ్రాషింగ్ ఇదే. మౌస్ కదలదు, కారణం తెలియదు. దానికంటే ముఖం మీదే చోటు లేదని చెప్పడం ఎంతో నయం.

అందుకే స్వాప్ మళ్లీ పెట్టించాను, హద్దు మాత్రం ముట్టుకోనివ్వలేదు. చిన్న ఫైళ్ల సంగతి యంత్రానికే వదిలేద్దాం. పదుల జీబీల పని ఉన్నప్పుడు, డిస్కు మీద ఫలానా చోట రాయమని మనమే చెప్పాలి.