వీపు మీద ప్రోబు

సిజేరియన్‌కు ముందు వెన్నులో మత్తు ఇవ్వాలంటే మేం మొదట చేసే పని వేళ్లతో తడమడం. రెండు తుంటి ఎముకల పై అంచులను కలుపుతూ వీపు మీద గీత ఊహించుకుంటే, అది నాలుగో నడుం పూస దగ్గర పడుతుంది. అక్కణ్ణుంచి సందులు లెక్కపెట్టుకోవాలి. బక్కపల్చని మనిషైతే సరే. ఒళ్లు చేసిన నిండు గర్భిణికి వేలికి ఎముకే అందదు.

అందిందనుకున్నా నమ్మకం లేదు. బ్రిటన్ మత్తు డాక్టర్లు ఇలా తడిమి చెప్పిన సందుల్ని ఎంఆర్‌ఐతో సరిచూసిన అధ్యయనం 2000లో వచ్చింది. సరిపోయినవి 29 శాతమే! తప్పినవాటిలో ఎక్కువ భాగం అనుకున్నదానికంటే పైనున్నాయి. చాలామందిలో వెన్నుపాము మొదటి, రెండో నడుం పూసల దగ్గర ముగుస్తుంది. కిందికి జరిగితే ఫర్వాలేదు గానీ పైకి జరిగితే ప్రమాదం.

అందుకే కష్టమనిపించిన వీపు మీద ముందు అల్ట్రాసౌండ్ ప్రోబు పెడతాను. ఎముక శబ్దాన్ని తిప్పికొడుతుంది, దాని వెనకంతా నలుపే. మాకు కావలసింది ఎముక లేని చోటు. ప్రోబును నడిమధ్యకు ఒక పక్కగా నిలువుగా ఆనించి, కాస్త మధ్యకు వాలిస్తే అడుగున త్రికాస్థి తెగని తెల్లగీతలా కనిపిస్తుంది. దాని పైన రంపపు పళ్లలా పూసలు. పళ్ల సందుల్లోంచి లోపలికి దూరిన శబ్దం లోతున రెండు తెల్లగీతలు చూపిస్తుంది. మొదటిది వెన్నుపాము చుట్టూ ఉండే పొర. అక్కడిదాకా కొలిస్తే సూది ఎంత లోతు వెళ్లాలో దాదాపుగా తెలిసిపోతుంది. జెల్ తడి మీద పెన్ను పడదు, తుడిచి గుర్తు పెట్టాలి. ఈలోగా ఆమె నడుం కదిపిందా, చర్మంతోపాటు గుర్తూ జరుగుతుంది.

ఇప్పుడు చేతిలో ఇమిడే యంత్రాలొచ్చాయి. అమెరికాలో రివన్నా కంపెనీ చేసిన ఆక్యూరో అయితే ఎముకను తనే గుర్తుపట్టి నడిమధ్య ఎక్కడో, లోతెంతో చెబుతుంది. నేర్చుకునే పిల్లలకు మాత్రం నేనది ముందే ఇవ్వను. ఆ నలుపూ తెలుపూ వాళ్ల కంటికి అలవాటు కావాలి.

వీపు మీద జెల్ రాస్తుంటే ఒకావిడ మెడ తిప్పి అడిగింది: “బిడ్డ కనపడుతోందా డాక్టరుగారూ?”

“లేదమ్మా, ఇది నీ వెన్నుకే. వంగి కూర్చో, గడ్డం ఛాతీకి ఆనించు.”

మన చట్టానిదీ ఆవిడ అనుమానమే. లింగనిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ప్రోబు వెన్ను చూసేదైనా సరే, యంత్రమూ వాడే చోటూ రిజిస్టరై ఉండాలి. జేబులో పట్టేదే అయినా, జేబులో వేసుకుని ఈ ఆస్పత్రి నుంచి ఆ ఆస్పత్రికి తిరగడానికి లేదు. చిరాకే. ఆడపిల్లల లెక్కలు చూశాక, ఆ చిరాకును పైకి అనడం మానేశాను.