ముందు స్ప్రాకెట్ మార్చే పనితనం

ఇంటి దగ్గరే బండి ముందు స్ప్రాకెట్ మార్చుకునేవారి నేర్పంతా పని వరుసలోనూ చూపులోనూ ఉంటుంది. ముందు 14 పళ్లు, వెనక 42 పళ్లు ఉన్న బండిలో వెనక చక్రం ఒక్కసారి తిరిగేసరికి ముందు స్ప్రాకెట్ మూడుసార్లు తిరుగుతుంది. అంటే దాని ప్రతి పన్నూ మూడింతల ఒరిపిడి భరిస్తుంది. పైగా అది కవరు చాటున ఉంటుంది కనుక పళ్లు కొక్కేల్లా వంగినా కంటపడదు. పని తెలిసినవారు చైన్ విప్పకముందే వెనక బ్రేకు తొక్కిపట్టి, స్ప్రాకెట్ బిగింపును వదులు చేస్తారు. చైన్ తీశాక ఆ పట్టు దొరకదు మరి! తర్వాత పేరుకున్న గ్రీజు మడ్డి తుడిచి, షాఫ్టు చుట్టూ ఆయిల్ కారుతోందేమో చూస్తారు. నా దృష్టిలో అసలు విద్య ఇదే.

మెకానిక్ ఇట్టే చేసే పనికి ఇంత శ్రమ ఎందుకంటారా? రద్దీ షాపులో ఆ మడ్డి తుడిచే తీరిక అందరికీ ఉండదు. అరిగిన చైన్‌కి కొత్త స్ప్రాకెట్ తగిలిస్తే అదీ త్వరగా అరుగుతుంది, సెట్టంతా మార్చాలన్న మాట మాత్రం నిజం. బిగింపు తప్పితే ప్రమాదమన్న భయమూ న్యాయమే. అందుకే మాన్యువల్‌లోని కొలతకు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఆ రెంచ్ అరువుకైనా దొరకకపోతే పని మొదలుపెట్టకండి.