మొరవ లేని నగర కథ

నామినీ, కేశవరెడ్డీ చదివి పెరిగినవాళ్లం, సీమ కథల్లో ఊరికి కొరత లేదు. తంబళ్లపల్లె వైపు ఏ ముసలాయన్ని అడిగినా చెరువుకు తూమెక్కడ, మొరవెక్కడ, నీరుగంటి ఎవరు అన్నీ చెప్తాడు. ఆయన కొడుకు బెంగళూరు చేరాక మాత్రం కథ మారిపోతుంది. ఒంటరితనం, ట్రాఫిక్, ఈఎంఐ, అంతే. కాళ్ల కింద ఏముందో రచయిత చూడడు.

అక్కడున్నదీ చెరువే. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. పై చెరువు మొరవ పోతే నీళ్లు కింది చెరువుకు చేరేలా కట్టిన గొలుసు అది. ఆ కాలవల మీద ఇళ్లు లేచాయి. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు మునిగితే సాఫ్ట్‌వేరోళ్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు.

మన నగర కథలో ఇలాంటి వరద వస్తే ఎక్కువగా 'ప్రకృతి ప్రకోపం' అయిపోతుంది. నాకు కనిపించే లోపం ఇదే. ప్రకోపం అనేశాక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు: లేఔటు వేసినవాణ్ణీ, అనుమతి ఇచ్చినవాణ్ణీ, లోను పెట్టి కొన్న నాలాంటివాణ్ణీ. 1908 మూసీ వరదను హైదరాబాదు విధి అని వదిలెయ్యలేదు. విశ్వేశ్వరయ్యను పిలిపించి కారణం వెతికించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే.

మా ముసలాయన ఫ్లాటుకొస్తే మొదట అడిగేది ఒకటే: "వానొస్తే ఈ నీళ్లు ఎట్లా పోతాయి నాయనా?" ఆ ప్రశ్నతో మొదలయ్యే కథ ఎవరైనా రాస్తే చదవాలనుంది.