సాయినాథ్ వార్త ఎవరి పక్షం?

కోతల కాలంలో ముసునూరు మామిడి తోటల వెంట నడిచే విలేఖరికి రెండు వార్తలు దొరుకుతాయి. ఈ యేడు రసాల ధర ఎంత పలికిందన్నది ఒకటి. పూతమీదే తోట కొన్న వ్యాపారికి, ముందే డబ్బు వాడుకున్న రైతుకు, చిక్కం పట్టిన కూలీకి ఆ ధరలో ఎవరి వాటా ఎంత అన్నది రెండవది. సాధారణంగా మొదటిదే అచ్చవుతుంది. పాలగుమ్మి సాయినాథ్ తన వృత్తి జీవితాన్ని రెండవదానికి వెచ్చించారు.

1957లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన 1980లో యు.ఎన్.ఐ.లో చేరారు. తర్వాత 'బ్లిట్జ్'లో ఉన్నత స్థానంలో ఉండి, 1993లో దాన్ని వదిలి అతిపేద జిల్లాల బాట పట్టారు. ఆ నివేదికలే 1996లో 'ఎవ్రిబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్'గా వచ్చాయి. పాలమూలో కరువు సాయాన్ని జనం 'మూడవ పంట' అంటారు. దాన్ని కోసుకునేది రైతు కాదు, కాంట్రాక్టరు. గొడ్డాలో సైకిలు మీద 200 కిలోలకు మించిన బొగ్గు నెట్టుకుపోయే మనిషి బతుకే అక్కడి ఆర్థిక వ్యవస్థకు చిత్రపటం. దారిద్ర్యాన్ని సంఘటనగా కాక, కొనసాగుతున్న ప్రక్రియగా చూపడమే ఈ రచనకున్న బలం. జాలి పుట్టించి ఊరుకోదు, లెక్క అడుగుతుంది.

2007లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. అయితే నాకు అంతకన్నా విలువైనవిగా తోచేవి ఆయన కాదన్న బహుమానాలు: 2009లో పద్మభూషణ్, 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వై.ఎస్.ఆర్. పురస్కారం. తాను విమర్శించవలసిన ప్రభుత్వం చేతినుంచి విలేఖరి ఏదీ పుచ్చుకోరాదన్నది ఆయన నియమం. శాలువాలకు మెడ వంచే మన రచయితలు దీన్ని ఆలోచించాలి.

నాకొక అభ్యంతరం ఉంది. ఆ పుస్తకం ఇంగ్లీషు చదివే పట్టణవాసితో మాట్లాడుతుంది. అందులోని పేదవాడు సాక్షి మాత్రమే, పాఠకుడు కాడు. ప్రజల ప్రతిఘటనకు ఒక భాగం ఉన్నా, మొత్తం రచనలో అది ఒక భాగంగానే మిగిలింది. ఈ కొరతను ఆయనా గుర్తించారేమో! 2014లో ఆయన ప్రారంభించిన 'పరి' గ్రామీణ కథనాలను తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో అందిస్తున్నది.

అయినా ఒక్క సాయినాథ్ అన్ని ఊళ్ళూ తిరగలేరు. ఆయన్ను పొగిడి ఊరుకోవడం సులువు. ముసునూరు కోతకూలీ లెక్కను ముసునూరు మనిషే, తన తెలుగులో రాయాలి. ఆ పని మనది.