బావగారి ఎర్ర మాత్ర

ఈ కాలమ్ పాత పాఠకులకు మా బావగారు కొత్తవారేం కాదు. అట్ట మీద 'ప్రకృతిసిద్ధం' అని ఉంటే చాలు, ఉమ్మెత్తకాయనైనా కొనేసే మనిషి. డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్ర పోయిన నెల మానేశారు. ఎందుకండీ అంటే, "అది కెమికలోయ్. పైగా కాళ్లు ఒకటే లాగుతున్నాయి" అన్నారు. దాని బదులు అమెరికాలో ఉన్న కొడుకు చేత ఎర్రటి గొట్టం మాత్రలు తెప్పించుకున్నారు. చైనాలో ఉడికించిన బియ్యానికి ఎర్ర బూజు పట్టించి ఎండబెట్టే పొడి అది. వారం రోజులుగా నాకు ఒళ్లు మండుతోంది.

ఆ మంటలోనే, బావగారు మానేసిన మాత్రల జాతికి మూలం కనిపెట్టిన అకిరా ఎండో గుర్తొచ్చారు. 1933లో జపాన్ ఉత్తరాన అకితలో రైతుల ఇంట పుట్టారు. ఆ ప్రాంతంలో ఒక పుట్టగొడుగు ఉంది. ఈగలు దాంతో చస్తాయి, మనుషులు మాత్రం వండుకు తింటారు. అదేమిటో చూద్దామని బడి రోజుల్లోనే ప్రయోగాలు మొదలెట్టారు. 1957లో సాంక్యో మందుల కంపెనీలో చేరి, పళ్లరసాలను తేటపరిచే ఎంజైము కోసం బూజుల వెంటపడ్డారు. తర్వాత న్యూయార్క్‌లో రెండేళ్లున్నారు. అక్కడి గుండెజబ్బులు చూశాక దృష్టి కొలెస్ట్రాల్ మీదికి మళ్లింది.

1971లో ఆయన వేసిన లెక్క ఇదీ. మన లివరు కొలెస్ట్రాల్‌ని తనే తయారుచేసుకుంటుంది. అలాంటి పదార్థం లేనిదే చాలా సూక్ష్మజీవులూ బతకలేవు. కాబట్టి పక్కవాటిని చంపడానికి ఏదో ఒక బూజు ఆ తయారీని ఆపే విషం కక్కుతూ ఉండాలి. రెండేళ్లలో దాదాపు 6,000 రకాలు వడపోశారు. ముందు దొరికిన సిట్రినిన్ కిడ్నీలను పాడుచేసేది, పక్కన పెట్టేశారు. అదీ ప్రకృతిసిద్ధమే, బావగారూ! 1973లో క్యోటోలోని ఓ ధాన్యం కొట్టు బియ్యానికి పట్టిన బూజులో కాంపాక్టిన్ చిక్కింది. బావగారు మానేసిన మాత్రతో సహా, స్టాటిన్లనే ఈనాటి కొలెస్ట్రాల్ మందులన్నిటికీ అదే పెద్దక్క.

ఇక్కడ నా పాత పాట ఒకటి పాడతాను, భరించండి. ఆ 6,000 అంకె చూపించి పిల్లలకు పట్టుదల పాఠం చెప్పేస్తుంటారు. అసలు కథ తర్వాతే ఉంది. ఎలుకలకు కాంపాక్టిన్ వారాల తరబడి పెట్టినా కొలెస్ట్రాల్ తగ్గలేదు. కంపెనీకి ఆశ పోయింది. ఎలుకలో చెడ్డ కొలెస్ట్రాల్ అసలే తక్కువ. పైగా మందు పడగానే దాని లివరు కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమును ఇంకా పెంచేసి లెక్క సరిచేసుకుంటుంది. ఆ సంగతి అప్పటికి తెలీదు. ఎండో ఆలోచన కోళ్ల మీదికి పోయింది. గుడ్డు సొన నిండా కొలెస్ట్రాల్ కదా, మరి పెట్ట రక్తంలో ఎంతుండాలి! 1976లో ఓ సాయంత్రం బారులో కలిసిన సహోద్యోగి కితానో దగ్గర, ప్రయోగం అయ్యాక చంపేయబోతున్న కోళ్లుంటే అడిగి పుచ్చుకున్నారు. మేతలో మందు కలిపితే కొలెస్ట్రాల్ దాదాపు సగానికి పడింది. ఇంకో ఆరువేల బూజులు వెతికినా ఈ ముక్క తేలేది కాదు. జంతువును మార్చాలని తట్టాలి.

1978 చివర ఎండో కంపెనీ వదిలి టోక్యోలో అధ్యాపకుడయ్యారు. మరుసటి ఏడు ఇంకో స్టాటిన్ కనిపెట్టారు. ఎందులో అనుకున్నారు? ఎర్ర బూజులో! అమెరికాలో మెర్క్ కంపెనీ వేరే బూజులో పట్టుకున్నదీ అదే. 1987లో లోవాస్టాటిన్ పేరుతో దానికి అనుమతి వచ్చింది. అంటే మా బావగారు మానేసిన జాతి మందునే మళ్లీ మింగుతున్నారు. కాకపోతే డాక్టరు మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, ఎర్ర మాత్రలో ఎంతుందో డబ్బా డబ్బాకీ మారిపోతుంది.

ఇంతవరకూ గెలుపు నాదే. ఒసాకా దగ్గరికొచ్చేసరికి నా గొంతు తగ్గింది. 1978లో అక్కడ డాక్టర్ అకిరా యమమోతో, పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న 18 ఏళ్ల అమ్మాయికి కాంపాక్టిన్ ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గింది, కండరాలు నీరసించాయి. ఆయన ఆ మాట కొట్టిపారేయలేదు. మందు ఆపి, ఆమె తేరుకున్నాక మోతాదు తగ్గించి ఇచ్చారు. ఈ మందు ఎంత పాతదో కండరాల ఫిర్యాదూ అంత పాతదే. బావగారి 'కెమికల్' మాట ఒట్టిదే గానీ, కాళ్ల మాట ఒట్టిది కాదు. "వయసొచ్చింది కదండీ" అని తోసేసే వాళ్లదే తప్పు.

అందుకని మీలో ఎవరికైనా స్టాటిన్ మాత్ర మొదలెట్టాక కాళ్లు లాగుతుంటే ఓర్చుకుని ఊరుకోకండి, మీ అంతట మీరే మానేయకండి. రాసిన డాక్టరుకే చెప్పండి. కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష ఉంది, మోతాదు తగ్గించే వీలుంది, వేరే స్టాటిన్లున్నాయి. చాటుగా ఎర్ర మాత్రలు మింగుతుంటే ఆ సంగతీ దాచకండి.