హాకింగ్ చిత్రమూ, మన కాళ్ళూ

స్టీఫెన్ హాకింగ్ జీవితకథను చూపిన ‘ది థియరీ ఆఫ్ ఎవ్రీథింగ్’ (2014) చిత్రము విద్యార్థులు చూడదగినది. 1963లో, 21వ యేట, ఆయనకు చాలక నాడీకణ వ్యాధి ఉన్నట్లు తేలినది. ఆ తడబడు నడకను, చేతులతో మెట్లెక్కు యాతనను ఎడ్డీ రెడ్‌మేన్ చక్కగా అభినయించినాడు.

కణములు నశించి కండరములు క్షీణించునని చిత్రములోని వైద్యుడు చెప్పును. కాని ఆ కణములు రెండు తెగలని చెప్పడు. మెదడునుండి వెన్నుపామునకు ఆజ్ఞ తెచ్చునవి చెడినచో కాలు బిగియును. వెన్నుపామునుండి కండరమునకు పోవునవి చెడినచో పిక్క సన్నగిలి, పాదము వ్రేలాడి, కాలివ్రేళ్ళు నేలకు తగులును. ఈ వ్యాధిలో తరచు రెండును కలియును.

హాకింగ్ కథయే అందరి కథ కాదు. 1970లో మద్రాసు వైద్యులు వర్ణించిన రూపము దక్షిణ భారత యువజనులలో కనిపించును. అందు కాలుసేతులు సన్నగిలుటతోపాటు చెవుడును రావచ్చును; వ్యాధి మెల్లగా సాగును.

గుమ్మఘట్టవంటి మెట్టసీమ బడిలో ఈ చిత్రమును చూపు ఉపాధ్యాయుడు మరొకటి చేర్చి చెప్పవలెను. అనంతపురము జిల్లాలో పలుచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగినవారిలో కొందరికి వెన్నెముక పెరిగి వెన్నుపామును ఒత్తును, కాళ్ళు బిగియును. చూచుటకు నడక అట్లే ఉండును. కాని ఇది మంచినీటితో నివారింపగలది. రోగనిర్ణయము వైద్యుని పని. “ఏ బోరు నీళ్ళు తాగుతావు తాతా?” అని అడుగుట మాత్రము విద్యార్థి పనియే.